కంచు విగ్రహం ఆర్డరు: మట్టి దగ్గరే తేలాల్సిన లెక్కలు

ఛాతీ దాకా ఉండే కంచు విగ్రహం, అంటే బస్టు, ఒకటి చేయమని ఎవరైనా వస్తే, చేతికి మట్టి తగలకముందే నాలుగు సంగతులు తేల్చుకోవాలి. ఎక్కడ పెడతారు, ఎంత ఎత్తు దిమ్మె మీద పెడతారు, ఎవరు చూసి సరే అంటారు, ఏ తేదీకి కావాలి. వీటిలో ఏది తేలకుండా మిగిలినా దాని ఖర్చు చివరికి శిల్పి నెత్తినే పడుతుంది. ముందు మట్టి బొమ్మ చేసి, దానికి అచ్చు తీసి, అచ్చులోంచి మైనపు బొమ్మ తీసి, ఆ మైనం కరిగిపోయిన ఖాళీలో కంచు పోస్తాం. మట్టిలో ముక్కు సరిచేయడం పది నిమిషాల పని. మైనంలో అదే పనికి ఒక పూట పడుతుంది. కంచులోకి వచ్చాక ఆ భాగం కోసి, కొత్త ముక్క పోతపోసి, వెల్డింగ్ చేసి, అరగదీసి, మళ్ళీ రంగు కలపాలి. వారం కష్టపడినా అతుకు జాడ ఎండ పడ్డప్పుడు కనిపిస్తూనే ఉంటుంది. అందుకే విగ్రహం పని మొత్తంలో శ్రద్ధ ఎక్కువ పెట్టాల్సింది మట్టి దశలో.

లెక్కలు స్పష్టంగా ఉండటానికి ఒకే ఉదాహరణ తీసుకుంటాను. మనిషి అసలు కొలతకు ఒకటిన్నర రెట్లు, సుమారు 3 అడుగుల ఎత్తు, బడి ఆవరణలోనో ఊరి కూడలి పక్కనో ఐదారు అడుగుల దిమ్మె మీద నిలబడే కంచు విగ్రహం. మన దగ్గర ఎక్కువగా వచ్చే ఆర్డరు ఇదే.

ఒకటిన్నర రెట్లు అంటే ఎంత

ఆరుబయట, వెనకాల ఆకాశం ఉండగా, అసలు సైజు తల చిన్నపిల్లవాడి తలలా కనిపిస్తుంది. అందుకే బయట పెట్టేవాటికి కనీసం ఒకటింపావు, వీలైతే ఒకటిన్నర రెట్లు తీసుకుంటాం. గడ్డం నుంచి నడినెత్తి దాకా 9 అంగుళాలున్న తల 13న్నర అంగుళాలవుతుంది. పొడవు ఒకటిన్నర రెట్లు పెరిగితే ఉపరితల వైశాల్యం 2.25 రెట్లు, ఘనపరిమాణం దాదాపు 3.4 రెట్లు పెరుగుతుంది. కొత్తగా పని మొదలుపెట్టినవాళ్ళు ఎక్కువగా తప్పేది ఇక్కడే. అసలు సైజు బొమ్మకు 45, 50 కిలోల మట్టి పట్టిందని, దీనికి 75 చాలనుకుంటారు. గట్టిగా నింపుకుంటూ పోతే 150 కిలోలు దాటుతుంది. అంత బరువును పాత సైజు ఆర్మేచర్, అంటే మట్టిని లోపలినుంచి మోసే చట్రం, మోయలేదు. రాత్రికి రాత్రి మెడ కుంగి, పొద్దునకి గడ్డం ఛాతీకి తగులుతుంది.

ఇంకో లెక్క కుదింపు. మైనం చల్లారేటప్పుడు కొంత, కంచు గడ్డకట్టేటప్పుడు కొంత, రెండూ కలిపి పొడవులో రెండున్నర నుంచి మూడు శాతం తగ్గుతుంది. ఒప్పందంలో 36 అంగుళాలని రాసుంటే మట్టి 37 అంగుళాలు ఉండాలి. విడిగా చేయించిన కళ్ళజోడో చేతికర్రో ఉంటే దాన్ని మట్టికి సరిపెట్టకండి, చల్లారిన కంచుకు సరిపెట్టండి.

స్థలం సంగతి. బహిరంగ రోడ్లు, కాలిబాటలు, రోడ్డు పక్క స్థలాల్లో విగ్రహాలకు అనుమతి ఇవ్వొద్దని సుప్రీంకోర్టు 2013 జనవరిలో రాష్ట్రాలను ఆదేశించింది. కూడలి మధ్యలో పెడతామని వచ్చిన కమిటీని ముందే అనుమతి కాగితం అడగాలి. అది లేకుండా పని మొదలైతే, తయారైన విగ్రహం గోనెపట్టా కప్పుకుని మీ షెడ్డులోనే నెలల తరబడి ఉంటుంది, చివరి వాయిదా సొమ్ము కూడా దానితో పాటే ఆగుతుంది.

ఫోటోలు

సెల్‌ఫోను దగ్గరగా పెట్టి తీసిన ఫోటోలో ముక్కు పెద్దదిగా, చెవులు వెనక్కి పోయినట్టు వస్తాయి. ఆ ఫోటో నుంచి కొలతలు తీస్తే పోలిక ఎప్పటికీ కుదరదు. మనిషి బతికే ఉంటే మూడు నాలుగు మీటర్ల దూరం నుంచి జూమ్ చేసి, కెమెరా కంటి ఎత్తులో ఉంచి తీయాలి. ఎదురుగా, రెండు పక్కలా, ఎదురుకూ పక్కకూ మధ్యన రెండు ముప్పాతిక కోణాలు, వెనక, పైనుంచి ఒకటి. తర్వాత కాలిపర్‌తో చెంప ఎముకల మధ్య వెడల్పు, చెవి రంధ్రం నుంచి ముక్కు కొసకు, గడ్డానికి, కనుబొమల మధ్యకు దూరం కొలవాలి. చెవి నుంచి తీసే ఈ మూడు కొలతలూ సరిగ్గా ఉంటే పక్క చూపు తప్పదు.

చనిపోయినవారి విగ్రహమైతే చేతికి అందేది పాత స్టూడియో ఫోటో ఒకటి, గుర్తింపు కార్డు మీది మసక ఫోటో ఒకటి. అప్పుడు పనికొచ్చే కొలబద్ద కంటి నల్లగుడ్డు. పెద్దవాళ్ళందరిలో దాని వెడల్పు 12 మిల్లీమీటర్లకు కాస్త అటూ ఇటూగానే ఉంటుంది. ఎదురుగా తీసిన ఫోటోలో దాన్ని కొలిచి మిగతావన్నీ ఆ నిష్పత్తిలో లెక్కగట్టొచ్చు. పక్క చూపు ఎక్కడా దొరక్కపోతే పెళ్ళి వీడియో అడగండి. మనిషి తల తిప్పే ఆ ఒక్క క్షణం పది ఫోటోల పెట్టు. అన్నదమ్ములు, కొడుకుల్లో చెవి తీరు, దవడ తీరు ఎవరికి వచ్చిందో ఇంటివాళ్ళే చెబుతారు. ఆ మనిషిని ఎదురుగా కూర్చోబెట్టుకుంటే ఫోటోలో లేని వెనకభాగం దొరుకుతుంది.

ఏ వయసు రూపం కావాలో కూడా రాయించుకోవాలి. నలభై ఏళ్ళ ఫోటో ఒకరు, డెబ్బై ఏళ్ళ ఫోటో ఇంకొకరు ఇస్తారు. రెండూ కలిపి చేస్తే ఎవరికీ నచ్చని మూడో మనిషి వస్తాడు.

మట్టి

ముందు 10, 12 అంగుళాల చిన్న నమూనా. పోలిక కోసం కాదు. తల వంపు, భుజాల తీరు, కండువా ఏ పక్క, ఛాతీని ఎక్కడ తెంపాలి అన్నవి తేలడానికి. ఇది ఒప్పుకున్నాకే పెద్ద ఆర్మేచర్.

18 మిల్లీమీటర్ల ప్లైవుడ్ రెండు పొరలు, దాని మీద ఫ్లాంజ్ (పైపు బిగించే ఇనప బిళ్ళ), ఫ్లాంజ్‌లో ఒకటిన్నర అంగుళాల జీఐ పైపు. పైపు తల మధ్యగా పైకి వెళ్ళి, నడినెత్తికి రెండు అంగుళాల కింద ఆగాలి. భుజాలకు అడ్డంగా 10 మిల్లీమీటర్ల రాడ్డు వెల్డు చేయాలి. తలలోనూ ఛాతీలోనూ థర్మకోల్ దిమ్మెలు కట్టి, వాటి మీద కొబ్బరి తాడు చుట్టి, చిన్న చెక్కముక్కలను అడ్డంగా కట్టి బైండింగ్ వైరుతో వేలాడదీయాలి. ఈ చెక్కముక్కలే మట్టిని జారకుండా పట్టుకుంటాయి. థర్మకోల్ పైన ఎక్కడైనా మట్టి రెండు అంగుళాలకు తగ్గకూడదు, లేకపోతే కన్ను లోతు తవ్వేటప్పుడు తెల్లగా తేలుతుంది. ఇలా చేస్తే మట్టి 70, 80 కిలోలతో సరిపోతుంది.

చెరువు మట్టిని నానబెట్టి, గుడ్డలో వడకట్టి, వేళ్ళకు అంటుకోనంత గట్టిపడ్డాక వాడాలి. పని ఆపిన ప్రతిసారీ తడి గుడ్డ, పైన పాలిథీన్ కవరు. తడి గుడ్డ నేరుగా ముఖానికి తగలనివ్వకండి, నేత గుర్తులు పడతాయి. నాలుగు పుల్లలు గుచ్చి వాటి మీద కప్పాలి.

మట్టి ముఖం షెడ్డులో అందంగా ఉండి, కూడలిలో దిగులుగా కనిపించడానికి కారణం వెలుగు. స్టూడియోలో కిటికీ వెలుతురు పక్కనుంచి వస్తుంది. బయట మధ్యాహ్నపు ఎండ నెత్తిమీద నుంచి పడుతుంది, కనుగుంటలు నల్లబడతాయి. పైగా చూసేవాళ్ళు కిందనుంచి చూస్తారు. గడ్డం బరువెక్కి, నుదురు కురచవుతుంది. అందుకని పని సగమయ్యాక బొమ్మను అసలు దిమ్మె ఎత్తుకు ఎక్కించి, పైన ఒకే దీపం పెట్టి, పది అడుగుల దూరం నుంచి చూడాలి. తలను రెండు మూడు డిగ్రీలు ముందుకు వంచి, పై కనురెప్పను కాస్త పైకి జరిపి, కనుబొమ కింది గుంటను కొద్దిగా నింపితే చాలావరకు సర్దుకుంటుంది.

కళ్ళ గురించి ఇంకాస్త చెప్పాలి. కంచులో నలుపు తెలుపు ఉండవు, నీడ ఒక్కటే రంగు. నల్లగుడ్డు ఉన్నచోట గుంట తవ్వి, దాని పై అంచున వెలుగు తగిలి మెరిసేలా చిన్న మెరుపు ముక్కను తవ్వకుండా వదిలేయాలి. ఒకటిన్నర రెట్ల తలలో నల్లగుడ్డు 18 మిల్లీమీటర్లు, గుంట లోతు 5, 6 మిల్లీమీటర్లు. లోతు తక్కువైతే చూపు ఉండదు, ఎక్కువైతే ఉలిక్కిపడ్డట్టుంటుంది. రెండు కళ్ళలో మెరుపు ముక్క ఒకే వైపు ఉండాలి. మీసం, జుట్టు విషయంలో వెంట్రుకలు గీయడం కన్నా కుచ్చులుగా కట్టడం మంచిది. సన్నని గీతలు పోతలో సగం పూడిపోతాయి, మిగిలిన సగం దుమ్ము పట్టి పోతాయి.

ఇక ఒప్పుకోలు. కమిటీ నుంచి పదిమంది వచ్చి పది మాటలు చెబుతారు. అందరినీ వినాలి, కానీ సంతకం ఒక్కరిది. ఆ ఒక్కరి పేరు మొదటి కాగితంలోనే ఉండాలి. మట్టి బొమ్మను ఆరు వైపుల నుంచి ఫోటోలు తీసి, తేదీ వేసి, "ఈ రూపానికి ఒప్పుకున్నాం, ఇక మార్పులకు విడిగా ఖర్చు" అన్న వాక్యం కింద సంతకం పెట్టించండి. ఇంటివాళ్ళు చూడటానికి వచ్చినప్పుడు ముందు ఏమీ అడగకుండా ఐదు నిమిషాలు వదిలేయండి. వాళ్ళు మొదట చూసే చోటే, తడిమే చోటే తేడా ఉంటుంది. "ఏదో తేడాగా ఉంది" అన్నారంటే చాలాసార్లు అది నోటి చుట్టుపక్కలే.

అచ్చు, మైనం

ఒకే కాపీ, ఫైబర్‌లో (గాజుపీచు, రెజిన్ కలిపి చేసేది) చాలనుకుంటే ప్లాస్టర్ అచ్చు సరిపోతుంది. కంచుకు మాత్రం రబ్బరు అచ్చే మేలు, ఎందుకంటే పోత చెడితే మైనం మళ్ళీ తీసుకోవాలి. 3 అడుగుల బస్టు ఉపరితల వైశాల్యం దాదాపు 1.3 చదరపు మీటర్లు. సగటున 6 మిల్లీమీటర్ల మందానికి సిలికాన్ రబ్బరు 9 కిలోలు, వృథాతో కలిపి 10 తెచ్చుకోవాలి. మొదటి పూత పలచగా, బ్రష్షుతో, ముక్కు రంధ్రాలు, చెవి మడతలు, కళ్ళ గుంటల్లోకి ఊదుతూ వేయాలి. అక్కడ బుడగ మిగిలితే మైనంలో ఆవగింజంత కాయ వస్తుంది. మిగతా పూతలు మూడు, మధ్యలో పలచని నూలు గుడ్డ ముక్కలు. గట్టిపరిచే ద్రావణం ఎంత కలపాలన్నది డబ్బా మీద రాసిన ప్రకారమే. వానాకాలంలో తొందరగా, చలికాలంలో ఆలస్యంగా గట్టిపడిందని ఎవరి లెక్క వాళ్ళు మారిస్తే రబ్బరు ఏడాదికే చిట్లుతుంది. ప్లాస్టిసిన్‌తో (నూనె కలిపిన, ఆరిపోని మట్టి) చేసిన బొమ్మ అయితే అందులో గంధకం ఉందేమో చూసుకోండి. ప్లాటినం రకం సిలికాన్ గంధకం తగిలితే జిగురుగానే ఉండిపోతుంది.

రబ్బరు మీద ప్లాస్టర్ కవచం. లీటరు నీళ్ళకు 1.4 కిలోల ప్లాస్టర్, నీళ్ళలోకి ప్లాస్టర్ చల్లాలి తప్ప ప్లాస్టర్‌లో నీళ్ళు పోయకూడదు. కొబ్బరి పీచు కలిపితే పగలదు. ముందు ఒక ముక్క, వెనక రెండు ముక్కలు. చెవుల వెనక, గడ్డం కింద, కాలరు లోపల కవచం ఇరుక్కోకుండా రబ్బరును అక్కడ మందంగా నింపి చదును చేయాలి. ఈ ఒక్కటి మరిచిపోతే కవచం ఊడదు. పగలగొట్టాల్సి వస్తుంది.

మైనం మిశ్రమంలో పారాఫిన్ ఒక్కటే వాడితే పెళుసు. మైక్రోక్రిస్టలైన్ మైనం ఎక్కువపాలు, గట్టిదనానికి కొంచెం గుగ్గిలం. మొదటి పూత వేడిగా బ్రష్షుతో, తర్వాత కాస్త చల్లారిన మైనాన్ని అచ్చులో పోసి తిప్పి ఒంపడం, ఇలా మూడు నాలుగు సార్లు. మందం 5 మిల్లీమీటర్లు రావాలి, వేడి సూది గుచ్చి కొలవచ్చు. ముక్కు కొస, చెవి అంచు పలచబడతాయి, అడుగున మైనం పేరుకుంటుంది. పలచన చోట లోహం పారదు, మందం చోట గుంట పడుతుంది.

మైనాన్ని తూచితే కంచు బరువు తెలుస్తుంది. మైనం సాంద్రత సుమారు 0.9, కంచుది 8.7. అంటే దాదాపు పది రెట్లు. మన బస్టుకు మైనం 6 కిలోల దగ్గర వస్తే కంచు 57, 58 కిలోలు. లోహం పారే దారులైన గేట్లు, రన్నర్లు, పోసే కప్పు కలిపితే మూసలో (లోహం కరిగించే పాత్ర) 80 కిలోల లోహం కరగాలి. ధర చెప్పేటప్పుడు ఊహించుకున్న బరువు ఇక్కడ నిజంగా తేలుతుంది. 5 మిల్లీమీటర్లు అనుకున్నది 8 అయితే బరువు 90 దాటుతుంది. ఆ లోహం డబ్బు మనదే.

పోత

తల ఒకటి, ఛాతీ ఒకటి, రెండు ముక్కలుగా కోసి పోయడం సురక్షితం. కోత కాలరు అంచున దాక్కోవాలి. మైనం ముక్కకు లోహం వెళ్ళే దారులు, గాలి పోయే దారులు అతికిస్తాం. మైనం లోపలి ఖాళీలో నింపే గుజ్జు కదలకుండా మూడంగుళాల మేకులు మైనంలోంచి సగం లోపలికి, సగం బయటికి గుచ్చాలి. మేకులు తక్కువైతే మైనం కరిగిపోయాక లోపలి గుజ్జు ఒక పక్కకు ఒరిగి, ఆ వైపు కంచుకు కన్నం పడుతుంది.

ప్లాస్టర్ ఒక పాలు, ఇటుకపొడి రెండు పాళ్ళు కలిపిన గుజ్జు లోపలా బయటా పోస్తాం. దాన్ని కొలిమిలో మెల్లగా వేడెక్కించి 600, 700 డిగ్రీల దాకా తీసుకెళ్ళాలి. అంతకన్నా బాగా పెరిగితే ప్లాస్టర్ బలం పోయి పిండవుతుంది. ఈ సైజుకు రెండు మూడు రోజుల కాల్పు తప్పదు. తొందరపడితే లోపల తేమ మిగులుతుంది, కరిగిన కంచు తగలగానే ఆవిరై లోహాన్ని పైకి చిమ్ముతుంది. ఇది మనుషుల ప్రాణాలకు సంబంధించిన సంగతి. వానాకాలంలో ఒక రోజు అదనంగా కాల్చాలి, ఎవరు తొందరపెట్టినా సరే. మైనం మీద సిరామిక్ పూతలు వేసి పెంకు కట్టే సిరామిక్ షెల్ పద్ధతిలో ఈ బాధ తక్కువ, కానీ ఏడెనిమిది పూతలు, ప్రతిదీ ఆరాలి. పైగా మైనాన్ని ఒక్కసారిగా తీవ్రమైన వేడిలో కరిగించాలి. మెల్లగా వేడిచేస్తే మైనం ఉబ్బి షెల్‌ను చీలుస్తుంది.

లోహం ఏది? ఆర్డరిచ్చేవాళ్ళు తరచూ "పంచలోహం" అంటారు. గుడి విగ్రహాల పంచలోహం ఒకటి, కూడలి విగ్రహానికి కావాల్సిన కంచు ఇంకొకటి. ఒప్పందంలో మిశ్రమం పాళ్ళు అంకెల్లో రాయండి. గన్‌మెటల్ అంటే రాగి 85, తగరం 5, సీసం 5, జింకు 5. బాగా పారుతుంది, కానీ సీసం వల్ల వెల్డింగ్ ఇబ్బంది. సిలికాన్ కంచు అంటే రాగి 95, సిలికాన్ 4, మాంగనీసు 1. చక్కగా వెల్డు అవుతుంది కాబట్టి ముక్కలు అతికే పనికి ఇదే మా ఎంపిక. పాత కుళాయిలు, పాత్రల తుక్కు కరిగిస్తే ఏ పాళ్ళు వస్తాయో ఎవరికీ తెలియదు, రంగు వేసేటప్పుడు మచ్చలుగా బయటపడుతుంది.

పోసే వేడి 1100 నుంచి 1180 డిగ్రీల మధ్య. పలచని ముక్కకు పై అంచు, మందమైనదానికి కింది అంచు. చల్లగా పోస్తే రెండు ప్రవాహాలు కలిసేచోట గీతగా అతుక్కోకుండా మిగులుతుంది. అతిగా కాస్తే లోహం వాయువులు పీల్చుకుని, చల్లారాక సూది రంధ్రాలు పడతాయి. పోయడం మొదలయ్యాక మధ్యలో ఆపకూడదు, ఒకే ధార.

పోతయ్యాక గేట్లు కోసి, మేకుల కన్నాలు పూడ్చి, ముక్కలు వెల్డు చేస్తాం. వెల్డింగ్ రాడ్డు అదే మిశ్రమంలోదై ఉండాలి. పోసిన రోజే మిగిలిన లోహంతో సన్నని కడ్డీలు పోసి దాచుకోవడం మంచి అలవాటు. ఇత్తడి రాడ్డుతో అతికితే అప్పటికి కనిపించదు, పాటినా (రసాయనాలతో కంచుకు తెప్పించే రంగు) వేశాక పసుపు గీత తేలుతుంది. గ్రైండర్ ముఖం మీదికి రానివ్వకండి. వెల్డును ముందు మోటుగా తగ్గించి, చివరి మిల్లీమీటరు ఉలితో, చిన్న పంచ్‌లతో పక్క చర్మపు తీరుకు కలపాలి.

పాటినాకు ముందు నూనె, వేలిముద్ర ఏదీ ఉండకూడదు. టార్చితో వేడిచేసి, నీటి చుక్క పడగానే చుయ్యిమనే స్థితిలో పని. నలుపు, ముదురు గోధుమకు లివర్ ఆఫ్ సల్ఫర్ అనే గంధకపు రసాయనం, అర లీటరు గోరువెచ్చని నీటిలో బఠాణీగింజంత. ఎరుపు కలిసిన గోధుమకు ఫెర్రిక్ నైట్రేట్ పలచని ద్రావణం. ఆకుపచ్చకు కాపర్ నైట్రేట్. పలచగా ఎక్కువసార్లు వేయడమే కిటుకు. చిక్కగా ఒక్కసారి వేస్తే పొరగా లేస్తుంది. గోరువెచ్చగా ఉండగానే మైనం పూత. గాలి వచ్చిపోయే చోటే ఈ పని చేయాలి, మాస్కు, కళ్ళద్దాలు, చేతి తొడుగులు తప్పనిసరి.

దిమ్మె మీద

విగ్రహం లోపల సిమెంటు కాంక్రీటు నింపే అలవాటు మన దగ్గర చాలాచోట్ల ఉంది. దయచేసి మానండి. కాంక్రీటు తేమ పట్టి ఉంచుతుంది, లోపలి ఇనప చువ్వ తుప్పు పట్టి ఉబ్బుతుంది, కంచు అతుకుల దగ్గర పగులుతుంది. లోపల నాలుగు మూలలా కంచు పలకలు వెల్డు చేసి, వాటికి 12 మిల్లీమీటర్ల స్టెయిన్‌లెస్ స్టీలు బోల్టులు, దిమ్మెలోకి కనీసం 6 అంగుళాలు దిగేలా పెట్టాలి. మామూలు ఇనప బోల్టు కంచుకు తగిలి వాన నీరు చేరితే ఇనుమే ముందు తినేయబడుతుంది. అడుగున నీళ్ళు పోయే కన్నాలు రెండు ఉండాలి. దిమ్మె కట్టే మేస్త్రీకి బోల్టుల కొలతలతో అట్ట నమూనా కోసి ఇవ్వాలి. నోటి మాటతో చెప్పిన కొలత ఎప్పుడూ అంగుళం తేడా వస్తుంది.

తరలింపు కూడా శిల్పి బాధ్యతలో భాగమేనని మన రాష్ట్రాల్లో అందరికీ గుర్తుచేసే ఉదాహరణ హుస్సేన్‌సాగర్ బుద్ధుడు. సుమారు 350 టన్నుల ఆ ఏకశిలా విగ్రహం 1990లో బార్జి మీద తీసుకెళ్తుండగా నీళ్ళలో పడింది, ప్రాణాలు పోయాయి. 1992 డిసెంబరులో గానీ పైకి తీసి నిలబెట్టలేకపోయారు. అరవై కిలోల బస్టుకైనా ఎవరు ఎత్తుతారు, ఏ పట్టీలతో, దారిలో దెబ్బతింటే ఖర్చు ఎవరిది అన్నది రాసి ఉండాలి. మెడకు తాడు కట్టి ఎత్తకండి. లోపలి పలకలకు కట్టే కొక్కేలు ముందే ఆలోచించి పెట్టుకోవాలి.

ఏటా ఒకసారి సబ్బు నీటితో కడిగి, ఆరాక మైనం రుద్దాలి. విశాఖ, కాకినాడలాంటి సముద్రపు గాలి చోట ఏటా రెండుసార్లు. ఉప్పులోని క్లోరైడ్లు కంచును లోపలి నుంచి పొడిపొడిగా తింటాయి. బంగారు రంగు పెయింటు వేయొద్దని కాగితం మీదే రాసివ్వండి, జయంతికి ముందురోజు ఎవరో ఒకరు డబ్బా తెస్తారు.

ఫైబర్ అడిగితే

డబ్బు తక్కువున్నచోట ఫైబర్ గౌరవమైన పరిష్కారమే, కానీ దాన్ని కంచని చెప్పి అమ్మకూడదు. ఇదే బస్టు ఫైబర్‌లో 10, 12 కిలోలు. పైకి కనిపించే రెజిన్ పూత, అంటే జెల్‌కోటు, అర మిల్లీమీటరు, తర్వాత చదరపు మీటరుకు 300 గ్రాముల గాజుపీచు మ్యాటు ఒక పొర, 450 గ్రాములది రెండు మూడు పొరలు, మ్యాటు బరువుకు రెండున్నర రెట్లు రెజిన్. గట్టిపడటాన్ని వేగం చేసే కోబాల్ట్ ముందు రెజిన్‌లో పూర్తిగా కలిపాకే, గట్టిపరిచే హార్డెనర్ పోయాలి. ఆ రెండూ నేరుగా కలిస్తే మంట, పేలుడు. రెండు డబ్బాలనూ ఒకే అరలో పెట్టకండి. ఎండకు పైపొర పొడిబారుతుంది కాబట్టి ఎండను ఆపే పూత, మూడు నాలుగేళ్ళకోసారి మళ్ళీ రంగు అవసరమని ముందే చెప్పాలి.

తేదీ, డబ్బు, హక్కు

ఏప్రిల్ 14కు అంబేడ్కర్ విగ్రహం కావాలనుకుందాం. నమూనాకు రెండు వారాలు, మట్టికి నాలుగు, ఒప్పుకోలుకు ఒకటి, అచ్చుకు ఒకటి, మైనానికి రెండు, కాల్పు, పోతకు రెండు, అతుకు, చెక్కుడుకు మూడు, పాటినా, బిగింపుకు ఒకటి. మొత్తం పదహారు వారాలు. అంటే డిసెంబరు మూడో వారానికి అడ్వాన్సు అందాలి. ఫిబ్రవరిలో వచ్చి అడిగితే మర్యాదగా ఫైబర్ చెప్పండి, లేదా వచ్చే ఏడాది చెప్పండి. కాల్పు రోజులు తగ్గించి ఇచ్చిన మాట నిలబెట్టుకోవద్దు.

వాయిదాలు నాలుగు. మొదలుకు 35 శాతం, మట్టి ఒప్పుకోగానే 30, మైనం తూచాక, లోహం కొనకముందే 25, బిగించాక 10. చివరి వాయిదాను ఆవిష్కరణ సభతో ముడిపెట్టకండి, బిగింపుతో ముడిపెట్టండి. సభలు వాయిదా పడుతూనే ఉంటాయి. లోహం ధర రోజూ మారుతుంది కాబట్టి కిలో ధరను కొన్న రోజు బిల్లు ప్రకారం అని రాసుకుంటే ఇద్దరికీ నష్టం లేదు. రవాణా, దిమ్మె, పన్ను విడివిడి వరుసల్లో ఉండాలి. మన చేతి పనికి కూడా ఒక వరుస ఉండాలి. దాన్ని లోహం కిలో ధరలో కలిపేస్తే, అవతలివాళ్ళు మనల్ని పోతపనివాళ్ళతో బేరమాడతారు.

హక్కుల విషయం చాలామంది శిల్పులు వదిలేస్తారు. 1957 కాపీరైట్ చట్టం 17వ సెక్షన్‌లో, డబ్బిచ్చి తీయించుకున్న ఫోటో, వేయించుకున్న చిత్తరువు లాంటివాటికి ఆర్డరిచ్చినవారే మొదటి హక్కుదారులు, వేరే ఒప్పందం లేకపోతే. ఆ జాబితాలో శిల్పం పేరు లేదు. ప్రభుత్వ ఆర్డరుకు వేరే క్లాజుంది. కాబట్టి ఏదైనా సరే కాగితం మీద రాసుకోవడమే క్షేమం: అచ్చు ఎవరిది, రెండో కాపీ ఎవరు పోయొచ్చు, విగ్రహం మీద శిల్పి పేరు ఎక్కడ ఉంటుంది. హక్కు బదిలీ అయినా 57వ సెక్షన్ కింద పని పాడుచేయడాన్ని ప్రశ్నించే హక్కు శిల్పి దగ్గరే ఉంటుంది. ఢిల్లీ విజ్ఞాన్ భవన్‌లో అమర్‌నాథ్ సెహగల్ చేసిన కంచు కుడ్యశిల్పాన్ని 1979లో తీసి గోదాములో పడేస్తే ఆయన కోర్టుకెళ్ళారు. 2005లో ఢిల్లీ హైకోర్టు మిగిలిన ముక్కలు ఆయనకు తిరిగిమ్మని, 5 లక్షల పరిహారం ఇమ్మని తీర్పిచ్చింది. ఆర్డరు మీద చేసే ప్రతి శిల్పీ తెలుసుకోవాల్సిన తీర్పు ఇది.

సొంత పని అదే కొలిమిలో

ఆర్డరు పోతకు మూసలో ఎప్పుడూ ఐదారు కిలోలు అదనంగా కరిగిస్తాం. ఆ లోహం కడ్డీలుగా గడ్డకట్టి మూల పడుండే బదులు, సొంత శిల్పాలకు చిన్న అచ్చులు అదే కాల్పులో పక్కన పెట్టొచ్చు. అచ్చు అవసరం లేని పద్ధతి నేరుగా మైనంతో చేయడం. మైనపు పలకలు, కడ్డీలు వేడి చాకుతో అతుకుతూ 8, 9 అంగుళాల బొమ్మ కట్టి, దాన్నే పోతకు పంపాలి. పోత చెడితే బొమ్మ పోయినట్టే, కానీ వేలి గుర్తు, చాకు జాడ సహా అన్నీ లోహంలోకి వస్తాయి. రబ్బరు అచ్చు దాటి వచ్చిన పనిలో ఆ తాజాదనం ఉండదు. ఆదిలాబాద్ డోక్రా పనివాళ్ళు మట్టి గుజ్జు మీద మైనపు దారాలు చుట్టి చేసే బొమ్మల్లో ఉన్న బలం ఇదే. కొత్త శిల్పాలు చేయాలనుకునేవాళ్ళు ఒకసారి ఆ దారాల పని దగ్గర కూర్చుని చూడాలి. దారం మందం, దాని మలుపే అక్కడ అలంకారమంతా.

నేరుగా మైనంతో చేసేటప్పుడు గట్టి ముద్దలు వద్దు. మందం 12 మిల్లీమీటర్లు దాటిన చోట లోహం చివర చల్లారి గుంట పడుతుంది. చెయ్యి మందంగా, వేలు సన్నగా ఉంటే గేటు మందం వైపు పెట్టాలి. అచ్చు తీసి కాపీలుగా అమ్మాలనుకుంటే సంఖ్య ముందే నిర్ణయించి ప్రతి దాని మీదా చెక్కాలి. ఫ్రాన్సులో ఎనిమిది కాపీలు, శిల్పి కోసం నాలుగు, మొత్తం పన్నెండు వరకే అసలుగా లెక్క. ఇక్కడా గ్యాలరీలు చాలావరకు ఆ లెక్కనే అడుగుతాయి.

అచ్చులు దాచే పద్ధతి కూడా చెప్పాలి. రబ్బరును కవచంలో అమర్చి, బోల్టులు బిగించి, అసలు బొమ్మ నిలబడ్డ తీరులోనే నిలబెట్టాలి. విడిగా మడిచి సంచిలో పెడితే ఆరు నెలలకే ఆ మడత అలాగే ఉండిపోతుంది. లోపల టాల్కం పొడి చల్లి, బయట పేరు, తేదీ, ఎన్ని మైనాలు తీశామన్న లెక్క పెయింటుతో రాయాలి. ఒప్పందంలో అచ్చు ఆర్డరిచ్చినవారిదని ఉంటే, బిగింపు రోజున విగ్రహంతో పాటే లారీలో పంపి రసీదు తీసుకోండి.